పాత హెచ్‌ఎంటీకి ధర కట్టేది డయలే

ఒకే రోజు అమ్మకానికి వచ్చిన రెండు హెచ్‌ఎంటీ జనతా వాచీలను పక్కపక్కన పెడితే, ఈ సంతకు కొత్తగా వచ్చినవారు తికమక పడతారు. మొదటిది తళతళలాడుతూ ఉంటుంది. డయల్ నెమలికంఠం రంగులో మెరుస్తుంది, అద్దం మీద గీత ఉండదు, కేసులో ముఖం చూసుకోవచ్చు. రెండోదాని తెల్ల డయల్ పసుపు తిరిగి ఉంటుంది. అంచున చిన్న మచ్చ, బెల్టు తగిలించే కొమ్ముల దగ్గర క్రోమ్ లేచిపోయి కనిపిస్తున్న ఇత్తడి. లోపల రెండింటిలోనూ కీ ఇస్తే నడిచే అదే 0231 నంబరు మెషీను, అదే 17 జ్యువెల్స్, అంటే ఇరుసులు తిరగడానికి పెట్టే చిన్న రాళ్లు. తెలిసినవాళ్లు ఎక్కువ ధర పెట్టి కొనేది మాత్రం రెండోదాన్నే. మొదటిదాని డయల్‌కు ఎవరో కొత్తగా రంగు వేశారు. రెండోదానిపై ఉన్నది ఫ్యాక్టరీలో వేసిన రంగు.

పాత వాచీల వ్యాపారంలో సరుకు, గిరాకీ, ధర ఎలా నడుస్తాయో అర్థం కావాలంటే ఈ తేడాతోనే మొదలుపెట్టాలి. ఈ సంతలో వాచీలకు కరువు లేదు. చేయి పడని డయళ్లకే కరువు.

సరుకు ఎంత, ఎక్కడిది

హిందుస్థాన్ మెషిన్ టూల్స్ 1953లో బెంగళూరులో పుట్టింది. పేరుకు తగ్గట్టు మొదట చేసింది లేత్‌లు, మిల్లింగ్ మెషీన్లే. జపాన్‌కు చెందిన సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో వాచీల ఫ్యాక్టరీ పెట్టింది. మొదటి విడత వాచీలను 1963లో నెహ్రూ విడుదల చేశారు. తర్వాత శ్రీనగర్, తుమకూరు, రాణీబాగ్‌లలో కూడా ఫ్యాక్టరీలు వచ్చాయి. జనతా, పైలట్, జవహర్, కోహినూర్, కాంచన్, సోనా, సుజాత, తరుణ్, రజత్ అంటూ వందల రకాలు వచ్చాయి. అన్నీ కలిపి 10 కోట్లకు పైగా వాచీలు తయారయ్యాయి. 1970లలో, 80లలో మన ఇళ్లలో వాచీ అంటే చాలామటుకు హెచ్‌ఎంటీయే. పెళ్లికొడుక్కి మామగారు పెట్టే లాంఛనాల్లో సైకిలు, రేడియో పక్కన అదీ ఉండేది. పదో తరగతి పాసైన పిల్లాడికి, రిటైరైన మాస్టారికి కూడా అదే బహుమతి. ఆ పేరుకున్న పలుకుబడి ఎంతటిదంటే, మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లా రైతు దాదాజీ ఖోబ్రాగడే ఎంపిక చేసి పెంచిన సన్నరకం వరికి ఆ రోజుల్లో పేరున్న వాచీ మీదుగా హెచ్‌ఎంటీ అని పేరు పెట్టారు. ఇవాళ తెలంగాణ బియ్యం దుకాణాల్లో కనిపించే హెచ్‌ఎంటీ బస్తాకు ఆ పేరు వచ్చింది చేతి గడియారం నుంచే.

1981లో హెచ్‌ఎంటీ బ్యాటరీతో నడిచే క్వార్ట్జ్ వాచీ కూడా తెచ్చింది, కానీ దాని బలం కీ ఇచ్చే వాచీలోనే ఉండిపోయింది. టాటాలు, తమిళనాడు పారిశ్రామికాభివృద్ధి సంస్థ కలిసి పెట్టిన టైటాన్ 1987 నుంచి హోసూరులో చేసిన క్వార్ట్జ్ వాచీలతో బజారులోకి దిగాక లెక్క మారిపోయింది. హెచ్‌ఎంటీ వాచీల విభాగాన్ని మూసేస్తారన్న వార్త 2014 సెప్టెంబరులో వచ్చింది. 2016 జనవరిలో కేంద్ర మంత్రివర్గం మూసివేతకు ఆమోదం తెలిపింది.

ఈ చరిత్రలో ధరకు సంబంధించిన విషయాలు రెండున్నాయి. ఒకటి, సరుకు మొత్తం చాలా పెద్దది. స్విట్జర్లాండ్ కంపెనీ రోలెక్స్ చేసిన పాత డేటోనా రకం వాచీల్లా వేలల్లో చేసిన వస్తువు కాదిది. పాతదన్న కారణం ఒక్కటే చూపి ఏ హెచ్‌ఎంటీకీ పెద్ద ధర అడగడానికి వీల్లేదు. రెండోది తక్కువమంది పట్టించుకునేది, ధరపై ఎక్కువ ప్రభావం చూపేది. ఒకే 0231 మెషీనును దశాబ్దాల తరబడి పదుల రకాల్లో వాడారు. మెషీను ఒకటే కాబట్టి డయల్‌ను దానికి పట్టించే వెనక వైపు చిన్న పిన్నులు, అంటే డయల్ కాళ్లు, కూర్చునే చోట్లూ ఒకటే. ఒక రకం డయల్‌ను ఇంకో రకం కేసులో పెట్టి, మూడో రకం ముళ్లు తగిలించి నాలుగో పేరుతో అమ్మడం పెద్ద పని కాదు. రిపేరుకు ఇది వరం. ఏ చిన్న ఊళ్లోని మెకానిక్ డబ్బాలోనైనా 0231 విడిభాగాలు దొరికేవి. వాచీ ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉందా అని వెతికేవాళ్లకు ఇదే శాపం.

తయారైనదంతా అమ్మకానికి రాదు. మొత్తం నిల్వ వేరు, ఏ నెలకానెల బజారుకు చేరే సరుకు వేరు. ధరను కదిపేది రెండోది. ఆ సరుకు మూడు దారుల్లో వస్తుంది. ఇంట్లో పెద్దాయన పోయాక బీరువా ఖాళీ చేస్తే బయటపడేవి మొదటి రకం. ఇవి సాధారణంగా ఆగిపోయి ఉంటాయి, కానీ డయల్ మీద ఎవరి చెయ్యీ పడి ఉండదు. మూతపడుతున్న వాచీ దుకాణాల్లో మిగిలిపోయిన, ఎవరూ కట్టని సరుకు రెండోది. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత, ముంబయి చోర్ బజార్ లాంటి చోట్ల పాత సామానుతో పాటు కిలోల లెక్కన చేతులు మారి, ఏదో ఒక వర్క్‌షాపులో మళ్లీ మెరుపు తెచ్చుకుని వచ్చేవి మూడోది. మూడో దారి పెద్దది. రెండోది ఏటా సన్నబడుతోంది. మొదటిది ఎప్పుడు ఎంత వస్తుందో ఎవరూ లెక్క కట్టలేరు, ఎందుకంటే అది కుటుంబాల నిర్ణయం మీద ఆధారపడుతుంది. ధర పెరిగిందని తెలిస్తే కొందరు అమ్మకానికి తెస్తారు. ఇంకొందరు అదే వార్త విని, అయితే దాచుకుందామని బీరువాలోకి తోసేస్తారు. అందుకే ఇక్కడ ధర పెరిగినంత మాత్రాన మంచి సరుకు వెల్లువెత్తదు. ధర పెరిగితే వెల్లువెత్తేది రంగు వేసిన సరుకే.

రంగు వేసిన డయల్‌ను పట్టుకోవడం

వర్క్‌షాపులో జరిగేది ఇదీ. మచ్చపడిన డయల్ మీది పాత రంగును ద్రావకంతో కడిగేస్తారు. లోహపు పళ్లాన్ని నునుపు చేసి కొత్త రంగు స్ప్రే చేస్తారు. ఆ తర్వాత రబ్బరు ముద్రతోనో, స్క్రీన్ ప్రింటింగ్‌తోనో పేరు, అంకెలు, నిమిషాల గీతలు వేస్తారు. కేసును బఫ్ (మెరుగుపెట్టే చక్రం) మీద రుద్దుతారు, అవసరమైతే మళ్లీ క్రోమ్ ఎక్కిస్తారు. విదేశీ సేకర్తలు ఇలాంటి వాచీలకు 'ముంబయి స్పెషల్' అని పేరు పెట్టుకున్నారు. నిజానికి ఈ పని ముంబయిలోనే జరగాలని లేదు. హెచ్‌ఎంటీలకే కాదు, పాత సీకో 5, ఫావ్రే ల్యూబా, వెస్ట్ ఎండ్, క్యామీ వాచీలకూ ఇదే వైద్యం జరుగుతోంది.

10 రెట్లు పెద్దది చేసి చూపే భూతద్దం ఒకటి ఉంటే ఇందులో సగానికి పైగా పట్టుబడతాయి. ముందు అక్షరాల అంచులు చూడాలి. ఫ్యాక్టరీ ముద్రణలో గీత సమానమైన మందంతో, అంచు కోసినట్టు ఉంటుంది. రీప్రింట్‌లో సిరా పాకినట్టు కనిపిస్తుంది, అక్షరాల మూలలు గుండ్రమవుతాయి. తర్వాత నిమిషాల గీతలు. 12, 3, 6, 9 దగ్గర డయల్ అంచుకూ గీతలకూ మధ్య దూరం ఒకేలా ఉందో లేదో పోల్చాలి. రీప్రింట్‌లో ఆ వలయం ఒక పక్కకు జరిగి ఉండటం మామూలే. అతికించిన లోహపు గుర్తులున్న డయలైతే ప్రతి గుర్తు మొన దానికి సంబంధించిన గీత మీద సరిగ్గా నిలవాలి. 6 అంకె కింద, డయల్ చివరి అంచున ఉండే అతి చిన్న అక్షరాల మీద రంగులు వేసేవాళ్లు శ్రద్ధ పెట్టరు. అవి మాయమైనా, అలికినట్టున్నా అనుమానించాల్సిందే. రంగు కింద చిక్కుకున్న దుమ్ము రేణువులు, నడిమి రంధ్రం అంచున పేరుకున్న రంగు కూడా గుర్తులే.

వెనక మూత తీయించగలిగితే ఇంకొంత తెలుస్తుంది. డయల్ కాళ్లు విరిగిపోయి, గమ్ము చుక్కలతో అతికించి ఉంటే ఆ డయల్ ఒకసారి పైకి లేచి దెబ్బ తిన్నదని అర్థం. పక్క అంచున చిన్న గాటు కనిపిస్తే రంగు వేసేటప్పుడు పట్టుకోవడానికో, గుర్తుకో పెట్టినది కావచ్చు. పైలట్ లాంటి రకాల్లో అంకెల మీద, ముళ్ల మీద రాత్రి వెలిగే పూత ఉంటుంది. 30, 40 ఏళ్ల నాటి పూత దీపం చూపించి చీకట్లో పెట్టినా కొద్ది క్షణాల్లో ఆరిపోవాలి. ఆకుపచ్చగా చాలాసేపు వెలుగుతుంటే అది కొత్తగా పూసినది. ముళ్ల మీద పూత ఒక రంగులో, అంకెల మీద ఇంకో రంగులో ముదిరి ఉంటే రెండింట్లో ఒకటి మార్చినదే.

అన్నిటికంటే సులువైన పరీక్ష, ఆ రకం ఫ్యాక్టరీ నుంచి ఆ రంగులో అసలు వచ్చిందా అని చూడటం. నారింజ రంగు పైలట్, సైనిక దళాల ముద్రలున్న జనతా, దేవుడి బొమ్మలున్న డయళ్లు చాలా వరకు ఈమధ్య వర్క్‌షాపుల్లో పుట్టినవే. హెచ్‌ఎంటీ కూడా సంస్థల కోసం ప్రత్యేక ముద్రలు వేసి ఇచ్చిన సందర్భాలున్నాయి కాబట్టి ముద్ర ఉన్న ప్రతిదీ దొంగసరుకు అనలేం. కానీ ముద్ర మీద ఆధారపడి ఎక్కువ ధర అడిగితే, దాన్ని నిరూపించే పెట్టె, కాగితం, వెనక మూతపై చెక్కిన పేరు లాంటివేమైనా చూపించాల్సింది అమ్మేవాళ్లే.

రంగు వేయించిన వాచీ కట్టుకోవడానికి పనికిరాదని కాదు. ఇష్టమైన రంగులో, నడిచే కీ వాచీ తక్కువ ధరకు కావాలంటే దాన్ని ఆ ధరకే కొనుక్కోవచ్చు. దాన్ని అసలుదని చెప్పి అమ్మడం తప్పు. నష్టం అక్కడితో ఆగడం లేదు. రంగు వేయించిన ప్రతి వాచీతో అమ్మకానికి ఉన్న హెచ్‌ఎంటీల సంఖ్య ఒకటి పెరుగుతుంది, చేయి పడని డయళ్ల సంఖ్య ఒకటి తగ్గుతుంది. కడిగేసిన రంగు మళ్లీ రాదు. సామాన్య రకాల ధర ఏళ్ల తరబడి పెద్దగా కదలకపోయినా, శుభ్రమైన అసలు డయల్‌తో ఉన్నవాటి ధర ఎగబాకడానికి ఇదే కారణం. రెండూ హెచ్‌ఎంటీలే, కానీ వాటి సంతలు వేరు.

ఈ సూత్రం ఇక్కడే పుట్టలేదు. 1960లు, 70ల నాటి రోలెక్స్ డేటోనాల్లో ఒక రకం డయల్‌ను అప్పట్లో కొనేవాళ్లు అంతగా ఇష్టపడలేదు. అంతగా అమ్ముడుపోలేదు కాబట్టి తక్కువే బయటికి వచ్చాయి. తర్వాతి తరానికి అవే ముద్దొచ్చాయి. అదే కేసు, అదే మెషీను ఉన్న మామూలు డేటోనాకు, ఆ డయల్ ఉన్నదానికీ ధరలో చాలా రెట్లు తేడా. ఆ డయల్ ఉన్నవాటిలో హాలీవుడ్ నటుడు పాల్ న్యూమన్ స్వయంగా కట్టుకున్నది 2017 అక్టోబరులో న్యూయార్క్ వేలంలో కోటి 77 లక్షల డాలర్లు పలికింది. అందులో మనిషి పేరుకు పడిన ధరే ఎక్కువ. అయితే ఆ డయల్ ఉన్నందుకు అతని పేరుతోనే పిలిచే ఇతర వాచీలకు డబ్బు తెచ్చేది డయలే.

ఎవరు కొంటున్నారు

గిరాకీ మూడు పొరలుగా ఉంది. మొదటిది జ్ఞాపకం. తండ్రి చేతికి చూసిన రకమే వెతుక్కునేవాళ్లకు ఏ సంవత్సరం, ఏ రంగు అన్న పట్టింపు ఉంటుంది, ధర పట్టింపు తక్కువ. ఒక్కటి కొని ఆగిపోతారు. రెండో పొర సేకరించేవాళ్లది. వీళ్లు రకాల జాబితా రాసుకుని, లేనిదాని కోసం తిరుగుతారు. 1960ల నాటి సిటిజన్ పేరు ఉన్న తొలి వాచీలు, దేవనాగరి అంకెల జనతాలు, చూపులేనివారి కోసం చేసిన బ్రెయిలీ వాచీలు, నల్ల డయల్ పైలట్‌లో తొలి రకాలు, పెట్టెతో సహా ఉన్న ఆటోమేటిక్‌లు (చేతి కదలికతోనే కీ తిరిగేవి) వీళ్ల కారణంగానే ధర పలుకుతాయి. మూడో పొర విదేశాల వాళ్లది. స్విట్జర్లాండ్, జపాన్ పాత వాచీల ధరలు చూసి వెనక్కి తగ్గి, తక్కువ డబ్బుకు కీ ఇచ్చే వాచీ కావాలనుకునేవారు. మన వైపు నుంచి అమెరికా వెళ్లి స్థిరపడి, ఊరి గుర్తుగా కొనుక్కునేవాళ్లూ వీళ్లలో కలుస్తారు. మెరిసే ముంబయి స్పెషల్స్ ఎక్కువగా పోయేది ఈ మూడో పొరకే. ఫోటోలో మెరుపు కనిపిస్తుంది, సిరా పాకింది కనిపించదు.

2014 వార్త వచ్చాక గిరాకీ ఒక్కసారిగా లేచింది. ఇక దొరకవన్న భయంతో కొన్నవాళ్లు ఎక్కువ. అప్పుడు ఎగిరిన ధరలన్నీ నిలబడలేదు. దుకాణాల్లో మిగిలిన సరుకు బయటికి వచ్చేసరికి సామాన్య రకాలు మళ్లీ కిందికి దిగాయి, అరుదైనవి అక్కడే ఉన్నాయి. పైగా హెచ్‌ఎంటీ పేరుతో వాచీలు రావడం 2016తో ఆగిపోలేదు. మాతృసంస్థ బెంగళూరు నుంచి ఇప్పటికీ అమ్ముతూనే ఉంది. ఫ్యాక్టరీ మూతపడింది కాబట్టి హెచ్‌ఎంటీ అని ఉన్నదల్లా పాతదే అనుకుని, కొత్తదానికి పాతదాని ధర పెట్టినవాళ్లున్నారు. కొత్తవి కొత్త ధరకు కొనడంలో తప్పేమీ లేదు, కానీ వాటి లెక్క వేరు.

ప్రపంచ బజారులో 2022 తొలి నెలల్లో రోలెక్స్, పటెక్ ఫిలిప్, ఆడమార్ పిగే అనే ఖరీదైన స్విస్ కంపెనీల కొత్త స్టీలు వాచీల మారుబేరపు ధరలు శిఖరానికి చేరి, తర్వాత బాగా పడిపోయాయి. ఆ పతనం హెచ్‌ఎంటీలను పెద్దగా తాకలేదు. అక్కడ కొన్నవాళ్లలో చాలామంది రేపు అమ్మడానికి కొన్నవాళ్లు. ధర ఆగగానే అందరూ ఒకేసారి అమ్మజూపారు. ఇక్కడ కొన్నవాళ్లలో ఎక్కువమంది కట్టుకోవడానికో, దాచుకోవడానికో కొన్నవాళ్లు, పెట్టిన మొత్తమూ చిన్నది. తొందరపడి అమ్మే అవసరం లేనప్పుడు ధర పడదు, బేరాలు మాత్రం తగ్గుతాయి. హెచ్‌ఎంటీలో మాంద్యం కనిపించేది ధరలో కాదు, వాచీ అమ్ముడవడానికి పట్టే రోజుల్లో.

ధరను చదవడం

అడిగే ధర, అమ్ముడైన ధర ఒకటి కావు. ఆన్‌లైన్‌లో నెలల తరబడి కదలకుండా ఉన్న పెద్ద అంకె అమ్మేవాడి ఆశ మాత్రమే. అమ్ముడైన వాటిని మాత్రమే చూపించే వెసులుబాటు ఉన్న చోట గత మూడు నెలల బేరాలు తీసుకోవాలి. అదే రకం, అదే డయల్ ఉన్నవి ఉంచి, రంగు వేసినవి తీసేయాలి. మిగిలిన వాటిలో సగటు కాకుండా నడిమి విలువ చూడాలి. లెక్క కోసం ఐదు బేరాలు 1,800, 2,200, 2,400, 2,600, 9,000 రూపాయలు అనుకుందాం. సగటు 3,600 వస్తుంది, కానీ ఐదింట్లో నాలుగు అంతకంటే చాలా తక్కువకే పోయాయి. నడిమి విలువ 2,400. ఆ 9,000 వెనక పెట్టె, కాగితాలు, ఎవరూ కట్టని వాచీ ఉండి ఉంటుంది, లేదా పంతానికి పోయిన ఇద్దరు కొనుగోలుదారులు. విదేశీ అమ్మకమైతే పోస్టేజీ, కమీషన్ తీసేశాకే మన ధరతో పోల్చాలి.

తర్వాత చేతికి కట్టుకునేసరికి అయ్యే మొత్తం ఖర్చు. 'నడుస్తోంది, సర్వీసింగ్ సంగతి తెలియదు' అని రాసిన వాచీని 1,500కు కొన్నారనుకుందాం. సర్వీసింగ్‌కు 800, మెయిన్ స్ప్రింగ్ (కీ ఇస్తే బిగుసుకుని వాచీని నడిపేది), అద్దానికి 400, కీకి 200, బెల్టుకు 300 అయితే మొత్తం 3,200. ఈమధ్యే సర్వీసింగ్ చేయించిన, అసలు డయల్ ఉన్న వాచీ 3,000కు దొరుకుతుంటే 1,500ది చవక కాదు. పైగా ఆ 1,500 వాచీలో బ్యాలెన్స్ స్టాఫ్, అంటే అటూ ఇటూ ఊగే బ్యాలెన్స్ చక్రం ఇరుసు, విరిగి ఉంటే ఆ లెక్క కూడా తప్పుతుంది. అంకెలు ఊరును బట్టి మారతాయి, పద్ధతి మారదు.

'కొత్త పాత సరుకు' అని, అంటే ఎన్నడూ కట్టనిదని చెప్పే వాచీకి ఎక్కువ పెట్టే ముందు చూడాల్సినవి కొన్నున్నాయి. కొమ్ముల లోపలి వైపు బెల్టు పిన్ను గీతలు ఉండకూడదు. వెనక మూత అంచున పనిముట్టు జారిన గుర్తులు ఉండకూడదు. గ్యారంటీ కార్డు మీది రకం పేరు వాచీతో కలవాలి, ఎందుకంటే ఖాళీ పెట్టెలు, కార్డులు విడిగా కూడా అమ్ముడవుతున్నాయి. అన్నీ సరిపోయినా సర్వీసింగ్ ఖర్చు కలుపుకోవాల్సిందే. పాతికేళ్లు అలమరలో ఉన్న వాచీలో నూనె ఎండి జిగురవుతుంది, దాన్ని అలాగే నడిపితే ఇరుసులు అరుగుతాయి.

0231 గంటకు 18,000 సార్లు కొట్టుకుంటుంది, అంటే సెకనుకు 5, రోజుకు 4,32,000. రోజుకు అర నిమిషం తేడా వస్తే అందులో 150 మాత్రమే అటూ ఇటూ అయినట్టు. ఈ వయసు మెషీనుకు అది మంచి నడకే. నిండా కీ ఇచ్చి, డయల్ పైకి ఉండేలా టైమ్‌గ్రాఫర్ (వాచీ నడకను కొలిచే యంత్రం) మీద పెడితే బ్యాలెన్స్ చక్రం ఊపు 250 డిగ్రీలు దాటితే ఆరోగ్యం బాగుందని, సర్వీసింగ్ తర్వాత కూడా 200 దాటకపోతే మెయిన్ స్ప్రింగ్ సడలిందనో, ఎక్కడో రాపిడి ఉందనో అర్థం. యంత్రం లేకపోయినా కొన్ని తెలుస్తాయి. ఉన్నట్టుండి రోజుకు చాలా నిమిషాలు ముందుకు పోతుంటే బ్యాలెన్స్ చక్రానికి ఉండే సన్నని హెయిర్ స్ప్రింగ్ చుట్లు అయస్కాంతం వల్లో నూనె వల్లో అంటుకుపోయి ఉంటాయి. అయస్కాంతమైతే దాన్ని తీసేసే డీమాగ్నెటైజర్ పరికరంతో క్షణంలో పోతుంది. మెషీను సరిగ్గా కొట్టుకుంటున్నా ముళ్లు వెనకబడుతుంటే నిమిషాల ముల్లును పట్టి ఉంచే నడిమి క్యానన్ పినియన్ వదులైనట్టు. ముళ్లు తిప్పేటప్పుడు ఏమాత్రం బిగువు తెలియకపోవడం దానికి గుర్తు.

సర్వీసింగ్ అన్న మాటకు కూడా అర్థం ఒకటి కాదు. వెనక మూత తీసి, మెషీను మొత్తాన్ని పెట్రోల్‌లో ముంచి, బ్రష్‌తో తోమి, పైనుంచి నూనె చుక్కలు వేసి మూసేస్తే కొన్ని వారాలు చక్కగా నడుస్తుంది. కరిగిన మురికి ఇరుసుల రంధ్రాల్లోనే మిగులుతుంది, ఎక్కువైన నూనె పాకి హెయిర్ స్ప్రింగ్‌కు చేరుతుంది. సరైన పని అంటే ప్రతి చక్రాన్ని విడదీసి కడిగి, వేగంగా తిరిగే ఇరుసులకు పలచని నూనె, నెమ్మదిగా తిరిగే చోట చిక్కనిది, కీ వైపు గ్రీజు పెట్టడం. అమ్మేవాళ్లు 'సర్వీస్డ్' అంటే ఎప్పుడు, ఎవరితో, విడదీసి చేశారా అని అడగాలి. ఈ పని ఓపికగా చేసే మెకానిక్‌లు వయసు మీదపడి దుకాణాలు మూసేస్తున్నారు. మంచి సర్వీసింగ్ కూలి పెరుగుతున్న కొద్దీ చవక రకాల వాచీలు బాగు చేయించడానికి కిట్టుబాటు కాకుండా పోతాయి. అలాంటివి విడిభాగాల కోసం విప్పడానికే కొంటున్నారు.

కేసు గురించి ఒక మాట. ఎక్కువ హెచ్‌ఎంటీల కేసు ఇత్తడి లాంటి లోహంపై క్రోమ్ పూత, వెనక మూత మాత్రమే స్టీలు. చెమటకు పూత గుంటలు పడుతుంది. విశాఖ, కాకినాడ లాంటి తీరం ఊళ్లలో తేమ కూడా తోడై డయల్ అంచు నుంచి మచ్చలు మొదలవుతాయి. బఫ్ పట్టిస్తే గుంటలు పోవు, మిగిలిన పూత పోతుంది. ప్లాస్టిక్ అద్దం మాత్రం చవకైన భాగం. గీతలు పాలిష్ పేస్ట్‌తో పోతాయి, పగిలితే కొత్తది వేయించవచ్చు. దాని వల్ల వాచీ విలువ తగ్గదు.

కరువొక్కటే చాలదు

సరుకు తక్కువైతే ధర పెరుగుతుందనే సూత్రానికి హైదరాబాద్ ఆల్విన్ వాచీలే ఎదురు సాక్ష్యం. రాష్ట్ర ప్రభుత్వ సంస్థగా ఫ్రిజ్‌లు, బస్సు బాడీలు చేసిన ఆల్విన్, 1980లలో జపాన్ సీకో సహకారంతో వాచీలూ చేసింది. హెచ్‌ఎంటీలతో పోలిస్తే వాటి సంఖ్య చాలా తక్కువ. మంచి స్థితిలో ఉన్నవి ఇంకా తక్కువ. అయినా వాటికి అదే స్థాయి గిరాకీ లేదు. ఏ రకం ఎప్పుడు వచ్చిందో చెప్పే జాబితాలు లేవు, పోల్చుకోవడానికి బేరాలు కొన్నే. ఎంతకు మళ్లీ అమ్మగలమో తెలియని వస్తువుకు కొనేవాడు ధర తగ్గించే అడుగుతాడు. తెలుగువాళ్ల ఇళ్లలో ఇంకా ఆల్విన్‌లు ఉన్నాయి. వాటి పాత కేటలాగులు, బిల్లులు, గ్యారంటీ కార్డులు ఫోటోలు తీసి ఒక చోట చేర్చితే ఈ వాచీల ధర తేలడం మొదలవుతుంది. ఈ పనికి హైదరాబాద్ కంటే తగిన చోటు లేదు.

ఫావ్రే ల్యూబా సంగతి వేరు. స్విట్జర్లాండ్ కంపెనీయే అయినా 1865 నుంచి ఇండియాలో అమ్ముతోంది. సీ చీఫ్, సీ కింగ్ లాంటివి మన దగ్గర విరివిగా దొరకడానికి కారణం అదే. 2011లో టైటాన్ ఆ పేరును కొంది, తర్వాత అది మళ్లీ చేతులు మారింది. వీటిలో రంగు వేసినవాటి పాలు హెచ్‌ఎంటీల కంటే ఎక్కువని సంత చూస్తే అనిపిస్తుంది. ధర ఎక్కువ కాబట్టి మోసానికి లాభమూ ఎక్కువే. 1960లకు ముందు నాటి వెస్ట్ ఎండ్, ఫావ్రే ల్యూబా వాచీల్లో రాత్రి వెలిగే పూత రేడియం కావచ్చు. వాటి అద్దం ఇంట్లో తీయకూడదు, పొడి రాలుతున్న పూతను గీకకూడదు. తాతల నాటి జేబు గడియారాలు విదేశాల్లో అమ్మాలనుకునేవారు 1972 నాటి పురావస్తువుల చట్టం చూసుకోవాలి. చారిత్రక ప్రాముఖ్యం ఉండి 100 ఏళ్లు నిండిన వస్తువును కేంద్ర ప్రభుత్వం, అది అధికారమిచ్చిన సంస్థలు తప్ప ఇంకెవరూ దేశం దాటించకూడదు.

వచ్చే సంవత్సరాల్లో సామాన్య హెచ్‌ఎంటీల ధర పెద్దగా పెరిగే కారణాలు కనిపించవు. సరుకు ఇంకా బీరువాల్లో ఉంది, తండ్రి చేతికి కీ వాచీ చూసి పెరిగిన తరం వయసు మీరుతోంది. లాభం కోసం 10 జనతాలు కొనే బదులు, శుభ్రమైన డయల్ ఉన్న ఒక్కటి కొనడం మేలు. అసలు డయళ్ల ధర పెరుగుదల ఆగే కారణమూ కనిపించదు, ఎందుకంటే వాటిని చెరిపేసే పని రోజూ సాగుతోంది.

అందుకే ఇంట్లో దొరికిన పాత వాచీని బాగు చేయించడానికి తీసుకెళ్లినప్పుడు, ఇచ్చే ముందే దుకాణంలో మూడు మాటలు చెప్పి, రసీదు మీద రాయించుకోవాలి. డయల్‌కు రంగు వేయొద్దు, తుడవొద్దు. కేసుకు బఫ్ పట్టొద్దు. మార్చిన ప్రతి పాత భాగాన్ని, విరిగిందైనా సరే, చిన్న కవర్లో పెట్టి తిరిగి ఇవ్వాలి. ముఖ్యంగా హెచ్‌ఎంటీ గుర్తు ఉన్న పాత కీ, ముళ్లు. ఇచ్చే ముందు డయల్‌ను, మెషీనును ఫోన్‌తో దగ్గరగా ఫోటో తీసి పెట్టుకుంటే, తిరిగి వచ్చింది అదే వాచీ అని సరిచూసుకోవచ్చు.